సబ్బు రాసిన బోటు

మొన్న శనివారం మా ఫస్టియర్ వాట్సాప్ గ్రూపులో ఎవరో ఒక ఫొటో పెట్టి, కింద "వర్క్‌షాప్ మేస్త్రి గారు పోయారు" అని రాశారు. ఫొటోలో ఆయన సగమే ఉన్నాడు, మిగతా సగం ఏదో ఫేర్‌వెల్ బ్యానరు మింగేసింది. అయినా ఆ సగం చాలు. చెవి మీద పెన్సిలు, చేతిలో స్టీలు గ్లాసు.

పండగ శుభాకాంక్షలకీ, ఎవడో ఒకడు అమ్ముకునే ప్లాట్లకీ తప్ప ఏడాదిగా మెదలని గ్రూపు అది. పావుగంటలో నలభై దండాల బొమ్మలు వచ్చి పడ్డాయి. అప్పుడొకడు "స్టేటస్ పెడదామంటే పేరు గుర్తు రావట్లేదురా, ఏంటి ఆయన పేరు?" అని అడిగాడు. ఎవరికీ తెలియదు. సిగ్గుపడాల్సిన సంగతే, ఒక పది నిమిషాలు సిగ్గుపడ్డాం కూడా. అంతలో ఒకడు "నాది రుషికొండ" అని రాశాడు. దాని కింద ఇంకొకడు "నాది హార్బర్లోనే" అన్నాడు. "భీమిలి, అదీ రెండోసారికి" అని మరొకడు. శ్రావణి బెంగళూరు నుంచి "కళింగపట్నం" అని రాసి ఏడుపు బొమ్మ పెట్టింది. పక్క నుంచి నా ఫోన్లోకి తొంగిచూసిన మా ఆవిడ, "చావు కబురు మీద టూర్ ప్లాన్ చేస్తున్నారేంటి మీ వాళ్ళు?" అంది. అవన్నీ మా మార్కులని నమ్మించేసరికి అరగంట పట్టింది.

మా కాలేజీ మధురవాడలో, కొండవార. ఏ బ్రాంచి వాడైనా ఫస్టియర్లో వర్క్‌షాప్ చేసి తీరాలి. కంప్యూటర్ సైన్సు చదివేవాడికి ఆకురాయితో ఇనుము అరగదీసే పనేమిటని మేం అడిగేవాళ్ళం, చెప్పేవాడే లేడు. కాలేజీ వెనక రేకుల షెడ్డు, అందులో వరసగా బల్లలు, బల్లకి ఇనుమును బిగించి పట్టే వైసులు నాలుగేసి. ఆ షెడ్డుకి ఈయన మేస్త్రి. కాగితం మీద ఇన్‌ఛార్జి వేరే సారు, పై అంతస్తులో ఏసీ గదిలో ఉండేవాడు. ఆయన షెడ్డులో అడుగు పెట్టగా చూసినవాళ్ళు మా బ్యాచిలో లేరు.

మొదటి రోజు కొత్త ఖాకీ ఏప్రాన్లు కట్టుకుని వరసగా నిలబడ్డాం. మేస్త్రి మా ముఖాలు చూడలేదు. "సేతులు" అన్నాడు. అందరం అరచేతులు చాపాం. సంతలో వంకాయలు ఏరుకునేవాడిలా ఒక్కో చేతినీ బొటనవేలితో నొక్కి చూసుకుంటూ వచ్చాడు.

"ఇది సెల్లు నొక్కే సెయ్యి. ఇదీ సెల్లే. ఇది... అన్నం కలుపుకోడానికైనా ఒత్తాదేటి బావూ?" నా దగ్గర ఆగాడు. నా చేతిని తిరగేసి, మరగేసి చూశాడు. "ఇంజినీరుగారూ, దీన్ని జాగర్తగా ఇంటికాడ దాసుకుని రావల్సింది."

షెడ్డంతా నవ్వింది. ఆ ఏడాది మొత్తం ఆయన మమ్మల్ని ముఖాలతో గుర్తుపట్టలేదు. క్యాంటీన్ దగ్గర నమస్కారం పెడితే "ఎవులు?" అనేవాడు. అరచెయ్యి చూపిస్తే "ఓ, మూడో బల్ల" అని తలాడించేవాడు. మేం సార్ అంటే ఒప్పుకునేవాడు కాదు. "సారు పైనుంటాడు. నాను మేస్త్రిని" అనేవాడు. మమ్మల్ని మాత్రం మగపిల్లలైతే ఇంజినీరుగారూ అని, ఆడపిల్లలైతే ఇంజినీరమ్మా అని పిలిచేవాడు. ఆ గౌరవం తర్వాత వచ్చే మాట ఎప్పుడూ తిట్టే.

మేం చేయవలసిన పని చెప్పుకోవడానికి చాలా చిన్నది. రెండు ఇనప బిళ్ళలు ఇస్తారు. ఒకదాన్లో చదరపు గాడి తీయాలి, రెండో దాన్లో అదే కొలతకి నాలుక తీయాలి. నాలుక వెళ్ళి గాడిలో ఒదిగి కూర్చోవాలి. స్క్వేర్ ఫిట్టింగ్ అంటారు, అలా చేసిన ముక్కని జాబ్ అంటారు. ఈ ముక్క రాయడానికి నాకు ఒక్క నిమిషం పట్టింది, చేయడానికి ఒక సెమిస్టరు పట్టింది.

పని అయిందని పట్టుకెళితే మేస్త్రి కొలబద్ద తీసేవాడు కాదు, టీ గ్లాసు తీసేవాడు. కాలేజీకి రాకముందు ఆయన చాలా ఏళ్ళు ఫిషింగ్ హార్బర్లో బోటు ఇంజన్లు బాగు చేశాడు. పుట్టింది కూడా సముద్రం మీద చేపల వేటకెళ్ళే ఇంట్లోనే. అందుకని ఆయన కంటికి ప్రపంచంలో ఏ అతుకైనా నీళ్ళు ఆపేదీ, ఆపనిదీ అని రెండే రకాలు. మా రెండు బిళ్ళలూ కలిపి, అడ్డంగా పట్టుకుని, అతుకు మీద కాస్త టీ ఒంపేవాడు. తల వంచి కింద నుంచి చూస్తూ నెమ్మదిగా పాటలా అందుకునేవాడు.

"బోటు హార్బరు కాడ బయల్దేరినాది... అవుటర్ దాటినాది... రుషికొండ ఒచ్చినాది..."

కింద టీ చుక్క ఎక్కడ రాలితే అక్కడ ఆగేవాడు. "ములిగిపోనాది!"

అవుటర్ అంటే జెట్టీ వదలగానే తగిలే అవుటర్ హార్బరు. భీమిలి చేరితే పాసు. కళింగపట్నం దాకా వెళితే షెడ్డులో గొప్ప. ఆ పైన ఒడిశా రేవులు, గోపాల్పూర్, పూరీ, చిట్టచివర పారాదీప్. పారాదీప్ చేరినవాడు ఇంకా పుట్టలేదని సీనియర్లు చెప్పేవాళ్ళు. మేస్త్రి రిజిస్టర్లో ఊళ్ళ పేర్లు రాసి పైకి పంపితే, ఏసీ గది సారు ఏ ఊరికి ఎన్ని మార్కులో తన దగ్గరున్న అట్ట చూసి వేసుకునేవాడట. కళింగపట్నం చేరిన ఒకే ఒక్క మనిషి శ్రావణి. వాళ్ళది అటు శ్రీకాకుళం వైపే. "మా ఊరెళ్ళిపోయాన్రా" అని ఆ పిల్ల వారం రోజులు షెడ్డులో నిలవలేదు.

నా సంగతికి వస్తాను. నా మొదటి జాబ్ మీద టీ పోయగానే కింద ఆయన చెప్పు తడిసింది. "జెట్టీ కాడ తాడిప్పకుండానే ములిగిపోనాది ఇంజినీరుగారూ. ఇలాంటిది నా సర్వీసులో సూడలేదు" అన్నాడు. రెండోసారి ఇంకా కష్టపడి అరగదీశాను. ఎంత కష్టపడ్డానంటే నాలుక గాడిలో ఆగకుండా అటు నుంచి ఇటు జారి గచ్చు మీద పడింది. మేస్త్రి వంగి దాన్ని తీసి, నా ఏప్రాను మీద ఇనప రజను దులిపి, "తినేసినావు" అన్నాడు. "ఇనుము తినేసినాక మల్లీ కక్కగలవేటి? కొంచెం కొంచెం తినాల. ఆకలెయ్యకపోయినా తినేత్తన్నావు నువ్వు."

ఇది నవ్వులాట కాకపోవడానికి రెండు కారణాలున్నాయి. సెమిస్టరు చివర బయటి కాలేజీ నుంచి ఎగ్జామినర్ వస్తాడు. ఆయన ముందు నిలబడాలంటే మన రికార్డు మీద మేస్త్రి సంతకం ఉండాలి. లేకపోతే పరీక్షకి రానివ్వరు, వచ్చే ఏడాది జూనియర్ల పక్క బల్ల దగ్గర నిలబడి అదే ఇనుము మళ్ళీ తినాలి. రెండో కారణం మా నాన్న. గోదావరి జిల్లా నుంచి వచ్చి స్టీల్ ప్లాంటులో ఫిట్టరుగా కుదిరిన మనిషి. కొడుకు ఇంజినీరింగులో చేరాడని గాజువాక దగ్గర మా క్వార్టర్సులో పాలవాడితో సహా అందరికీ చెప్పాడు. ఫిట్టర్ కొడుకు ఫిట్టింగులో తప్పాడంటే ఆయన తల ఎక్కడ పెట్టుకుంటాడు? రోజూ సాయంత్రం "ఏరా అబ్బాయ్, ఫిట్టింగెంతవరకు వచ్చిందిరా?" అని అడిగేవాడు. "అయిపోవచ్చింది నాన్నా" అనేవాణ్ణి. నిజంగానే ఇనుము అయిపోవచ్చింది.

ఆ రోజుల్లో ఒక మధ్యాహ్నం మేస్త్రి మాకొక కథ చెప్పాడు. ఒకసారి వేటకెళ్ళిన బోటుకి నడి సముద్రంలో డీజిల్ ట్యాంకు చిల్లిపడింది. అతికేవాడు లేడు, అతికే సామాను లేదు. బోట్లో ఉన్న ఒకాయన తన ఒంటిసబ్బు తీసి చిల్లికి మెత్తి మెత్తి రాశాడు. డీజిల్ ఆగిపోయింది. అందరూ క్షేమంగా ఒడ్డుకొచ్చారు. మిగతావాళ్ళు ఈ కథ విని చప్పట్లు కొట్టారు. నేను ఇంటికెళ్ళి మా అమ్మ చందనం సబ్బు తీశాను.

మూడో జాబ్ అతుకులో సబ్బు కూరి, అదిమి, గుడ్డతో తుడిచి, పైన కాస్త రజను అద్దాను. చూడ్డానికి తల్లీపిల్లల్లా అతుక్కుపోయాయి రెండు బిళ్ళలూ. మర్నాడు గుండె నిబ్బరంగా తీసుకెళ్ళి మేస్త్రి ముందు పెట్టాను. ఆయన టీ ఒంపాడు.

"బోటు హార్బరు కాడ బయల్దేరినాది... అవుటర్ దాటినాది... రుషికొండ ఒచ్చినాది... భీమిలి..."

నేను పాసైపోయాను. చుట్టూ జనం మూగారు.

"కళింగపట్నం..." మేస్త్రి గొంతు మారింది. "గోపాల్పూర్..." శ్రావణి ముఖం మాడింది. "పూరీ!" అన్నాడాయన, ఇంకా కిందికే చూస్తూ. షెడ్డులో ఆకురాళ్ళన్నీ ఆగిపోయాయి. అప్పుడు ఎవరో "మేస్త్రిగారూ, పైన చూడండి" అన్నారు.

అతుకు పొడవునా టీ నురగలు కక్కుతోంది. తెల్లటి బుడగలు ఒకదాని మీద ఒకటి లేస్తున్నాయి. మేస్త్రి ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశాడు.

"ఇంజినీరుగారి బోటు తానం సేత్తంది" అన్నాడు.

సబ్బు కరిగిపోయి, పూరీ దగ్గరున్న నా బోటు ధారగా కారి ఆయన చెప్పుల మీద పడింది. జనం బల్లల మీద పడి నవ్వారు. ఆయన మాత్రం నవ్వలేదు, కోప్పడనూ లేదు. నిజంగా అర్థం కానట్టు నా వైపు చూశాడు. "ఒరే బావూ, డీజిల్‌లో సబ్బు కరగదు. అందికే ఆలు రాసినారు. నీల్లలో కరగతాది. రోజూ తానం సేత్తావు గదా, ఎప్పుడూ సూడలేదేటి?"

నాకు ఆ క్షణాన గచ్చులోకి దిగిపోవాలనిపించింది. విన్నది సగం, వాడింది ఆ సగంలో సగం. ఆ సాయంత్రం నుంచి కాలేజీలో నా పేరు సబ్బు. లైబ్రరీలో కూడా "సబ్బూ, ఆ పుస్తకం ఇటివ్వు" అనేవాళ్ళు.

మేస్త్రి పైకి ఫిర్యాదు రాయలేదు. "రికార్డు పెట్టేదాకా రోజూ మజ్జానం కేరేజీ ఇక్కడే తిను" అన్నాడు. అంతే శిక్ష. పరీక్షకి మూడు వారాలుంది.

అలా మూడు వారాలు లంచ్ బెల్లు కొట్టగానే షెడ్డుకి వెళ్ళేవాణ్ణి. ఖాళీ షెడ్డులో ఆయనా నేనూ. పది నిమిషాల్లో అన్నం తినడం, మిగతా సేపు అరగదీయడం. ఆయన ఏమీ నేర్పేవాడు కాదు. నా వెనక కూర్చుని కళ్ళు మూసుకుని చప్పుడు వినేవాడు. చప్పుడు గరగరమంటే "సుద్ద రాయి" అనేవాడు. ఆకురాయికి సుద్ద పూస్తే పళ్ళలో రజను ఇరుక్కోదు. చప్పుడు తేలిపోతే "ఎడం సెయ్యి నిద్దరోతంది, లేపు" అనేవాడు. వెనక్కి తిరిగి చూస్తే కళ్ళు మూసుకునే ఉండేవాడు. నాకు ఒళ్ళు మండేది. మూడో రోజుకి బొబ్బలు లేచాయి, ఎనిమిదో రోజుకి అవి కాయలు కట్టాయి. ఆయన నా అరచెయ్యి నొక్కి చూసి, "ఆఁ, ఇప్పుడు మనిసి సెయ్యిలాగున్నాది" అన్నాడు.

మా అమ్మ పెట్టే ఆవకాయ అంటే ఆయనకి ప్రాణం. "మీ గోదారోల్లకి ఇంకేటీ రాకపోయినా ఇది మాత్రం ఒచ్చు" అంటూ సగం సీసా లాగించేవాడు. ఒకరోజు తింటూ అడిగాడు.

"మీ నాన్న ఫిట్టరంట గదా. ఇంటికాడ నీకు నేర్పలేదేటి?"

"నేను ఆకురాయి పట్టుకోకూడదనే కదండీ ఇంజినీరింగులో చేర్పించింది."

"మరి ఇక్కడికి తోలేసినారేటి నిన్ను?" అని ఆయన పొలమారేలా నవ్వాడు. మంచినీళ్ళు ఇవ్వాల్సి వచ్చింది.

ఆ చనువులో నేనూ అడిగేశాను. "మేస్త్రిగారూ, మీరు వేటకెళ్ళినప్పుడు ఎంతదూరం వెళ్ళేవారండీ? పారాదీప్ చూశారా?"

ఆయన కేరేజీ మూత పెట్టాడు. గుమ్మం వైపు చూశాడు, ఎవరూ లేరు.

"నాను అవుటర్ దాటలేదు" అన్నాడు.

నాకు అర్థం కాలేదు.

"నాకు సముద్రం పడదురా. బోటెక్కితే కక్కుకుంతాను. మా అయ్యా, మా అన్నలూ అందరూ ఏటకెల్తారు. నానెక్కితే అవుటర్ కాడే మొదలు. ఆ కాడ్నించే నా వొల్ల బోటు ఎనక్కి తిప్పాల. ఊల్లో ఎంత నామర్దా! అందికే ఏటకెల్లే రోజున ఒక పాలి కడుపునొప్పి, ఒక పాలి జొరం, ఒక పాలి కాలు బెణికినాదని. మూడేల్లు అలాగ నడిపించినాను. ఆకరికి ఒక నాడు మా అయ్య కాడికెల్లి, 'అయ్యా, నాను దీనికి పనికిరాను. ఇంజనైతే బాగు సేత్తాను' అని సెప్పేసినాను. కొడతాడనుకున్నాను."

"కొట్టారా?"

"నవ్వినాడు. 'నాకెప్పుడో తెలుసు, నువ్వెప్పుడు సెప్తావాని సూత్తన్నాను' అన్నాడు." ఆయన గ్లాసు కడుక్కోవడానికి లేచాడు. "నువ్వొక్కడివే కాదు బావూ. ఆ మూడేల్లూ నానూ సబ్బే రాసినాను."

పది సముద్రాలు తిరిగినవాడిలా రోజూ మా బోట్లు ముంచే మనిషి రుషికొండైనా నీళ్ళ మీద నుంచి చూడలేదు. నాకు నవ్వు రావాలి, రాలేదు. ఆయన మీద ఒక్కసారిగా ఇష్టం పుట్టింది. ఆ మధ్యాహ్నం నేను క్లాసు బెల్లు కొట్టేదాకా అరగదీశాను.

రికార్డు పెట్టాల్సిన ఆఖరి రోజు వచ్చింది. జాబ్ నాకు చేతనైనంత బాగా వచ్చింది. గాడి అంచులు తిన్నగా ఉన్నాయి, నాలుక పట్టుగా ఒదిగింది. ఒక్క ఎడమ మూల మాత్రం ముందురోజు చెయ్యి జారి ఒక్క గీత ఎక్కువ తినేశాను. కంటికి కనబడదు, వేలికి తెలుస్తుంది. దాన్ని సరిచేయబోతే మిగతాదంతా వదులవుతుంది. కొత్త బిళ్ళ తీసుకునే వ్యవధి లేదు. చుక్క మెల్లగా రాలి, భీమిలి దాకా లాగితే గట్టెక్కుతాను. చెప్పకపోతే అవకాశం ఉంది.

మేస్త్రి గ్లాసు ఎత్తాడు. నా నోట్లోంచి మాట వచ్చేసింది.

"మేస్త్రిగారూ, ఎడమ మూల కారుతుందండీ."

గ్లాసు ఆగింది. "ఎక్కడ?"

వేలితో చూపించాను. ఆయన టీ ఒంపి కిందికి వంగాడు. ఈసారి హార్బరు లేదు, అవుటర్ లేదు, పాట లేదు. ఇద్దరం వంగి చూస్తున్నాం. నేను చూపించిన చోటే చుక్క ఊరింది, వేలాడింది, రాలింది. నా ఏడాది పోయిందనుకున్నాను. మా నాన్నకి ఏం చెప్పాలో మనసులో కూడబలుక్కుంటున్నాను.

మేస్త్రి చెవి మీది పెన్సిలు కాకుండా జేబులోంచి పెన్ను తీశాడు. నా రికార్డు తెరిచి సంతకం పెట్టేశాడు.

"అదేంటండీ, మునిగిపోయింది కదా!"

"ములిగిపోనాదని ఎవులన్నారు? కారతంది, అంతే. కారని బోటు హార్బర్లో ఒకటి సూపించు. ఎక్కడ కారతందో తెలిసినోడు ఆ కాడ కూకుని తోడుకుంటాడు, ఎల్లిపోతాడు." రికార్డు నా చేతిలో పెట్టి, గొంతు తగ్గించాడు. "గాని ఆ ఒచ్చే ఎగ్జామినరుకి మాత్రం సెప్పీకు. ఆడు పెద్ద ఇంజినీరు, ఆడికి ఇయ్యి తెలవవు."

పరీక్ష రోజు ఎగ్జామినర్ మా బల్ల దగ్గరికి వచ్చేసరికి మధ్యాహ్నం మూడయింది. పాపం అలిసిపోయాడు. నా జాబ్ తీసి, కొలిచి, కాగితం మీద ఒక అంకె వేశాడు. తలకిందులుగానే చదువుకున్నాను. మంచి అంకె. మా నాన్న పాలవాడికి చెప్పుకునేంత మంచి అంకె. పక్కవాడి వైపు తిరగబోతూ, అందరినీ అడిగినట్టే నన్నూ అడిగాడు.

"లోపాలేమైనా ఉన్నాయా ఇందులో?"

ఆయన వెనక నిలబడ్డ మేస్త్రి నా వైపు చూసి తల అడ్డంగా ఊపాడు. నేను చూశాను. చూసి కూడా, "ఎడమ మూల కారుతుంది సార్" అన్నాను.

ఎగ్జామినర్ ఆశ్చర్యంగా ఆ మూల పట్టి పట్టి చూశాడు, వేలితో తడిమాడు. వేసిన అంకె కొట్టేసి పక్కన చిన్న అంకె వేశాడు. సరిగ్గా పాసు మార్కు, ఒక్కటి కూడా ఎక్కువ లేదు. వెనకాల మేస్త్రి నుదురు కొట్టుకున్న చప్పుడు షెడ్డంతా వినబడింది.

అందరూ వెళ్ళిపోయాక నన్ను గేటు దగ్గర పట్టుకున్నాడు.

"ఎందుకు సెప్పినావురా ఎర్రిమొకమా? బంగారం లాటి మార్కులు!"

"అడిగారు కదండీ."

"అడిగితే సెప్పేత్తావేటి?"

"మీ అయ్య అడక్కుండానే మీరు చెప్పేశారు కదండీ."

ఆయన రోడ్డు వైపు తిరిగి మోచేత్తో ముఖం తుడుచుకున్నాడు. కళ్ళు తుడుచుకున్నాడా, చెమట తుడుచుకున్నాడా నాకు తెలియలేదు.

"ఎల్లు, నీ గాజువాక బస్సెల్లిపోతాది" అన్నాడు.

అది అప్పటికే వెళ్ళిపోయింది. రెండో బస్సు వచ్చి నేను ఎక్కేదాకా ఆయన అక్కడే నా పక్కన నిలబడ్డాడు.